గుగ్గిలం అడవిలో వాసన పిలుపు: ఒక రెక్కల పురుగు, 19 కార్బన్ల ఎర

ఛత్తీస్‌గఢ్‌లో బిలాస్‌పూర్ నుంచి ముంగేలి వెళ్ళే రోడ్డు మీద, మనియారి నది ఒడ్డున తఖత్‌పూర్ అనే చిన్న పట్టణం ఉంది. రైల్వే ఉద్యోగాల వల్ల బిలాస్‌పూర్‌లో స్థిరపడిన తెలుగు కుటుంబాలకు ఈ పేరు కొత్త కాదు. ఊరి చుట్టూ వరి పొలాలే. కానీ మనియారి వచ్చేది ఉత్తరాన ఉన్న అచానక్‌మార్ అడవిలోంచి. ఆ అడవికి ప్రాణం సాల్ చెట్టు. ఛత్తీస్‌గఢీలో సరై అంటారు, మనం గుగ్గిలం చెట్టు అంటాం. ఇళ్ళలో ధూపం వేసే గుగ్గిలం ఈ చెట్టు కార్చే బంకే. మన శ్రీకాకుళం, విశాఖ ఏజెన్సీ కొండల దాకా ఈ చెట్టు వ్యాపించి ఉంది.

ఇంత గట్టి చెట్టుకూ శత్రువులున్నారు. చేవను తొలిచేవి కొన్ని, ఆకును తినేవి మరికొన్ని. ఆకు తినేవాటిలో ముఖ్యమైనది లైమాంట్రియా మథుర అనే రెక్కల పురుగు. దీని ఆడ పురుగు రాత్రి చెట్టు మీద కూర్చుని గాలిలోకి ఒక వాసన వదులుతుంది. మన ముక్కుకు అది అసలు తెలియదు. ఎక్కడో దూరాన ఉన్న మగ పురుగు మాత్రం ఆ వాసన పట్టుకుని వస్తుంది. ఆ వాసన ఏ పదార్థమో 1999లో తెలిసింది. దాన్ని ప్రయోగశాలలో తయారు చేయవచ్చు, ఎరగా పెట్టి మగ పురుగులను పట్టవచ్చు. అలా పట్టి అడవిని కాపాడవచ్చా? ఎంతవరకు కాపాడవచ్చు? జవాబు కొంచెం చిక్కుగా ఉంటుంది.

పగలు బెరడు, రాత్రి ఆకు

మథుర ఆడ పురుగు పెద్దది. రెక్కలు చాస్తే 7 నుంచి 9 సెంటీమీటర్లు ఉంటుంది. ముందు రెక్కలు తెల్లగా, నల్లని గీతలతో ఉంటాయి. వెనుక రెక్కలు గులాబీ రంగు. మగది దాదాపు సగం సైజు, ముదురు గోధుమ రంగు, వెనుక రెక్కల్లో పసుపు. పక్కపక్కన పెట్టి చూపిస్తే రెండూ ఒకే జాతి అంటే ఎవరూ నమ్మరు. ఆడది గుడ్లను చెట్టు మాను మీద, బెరడు పగుళ్ళలో గుంపుగా పెట్టి, తన పొట్ట మీది నూగుతో కప్పుతుంది. వాటిలోంచి వచ్చేవి ఒళ్ళంతా వెంట్రుకలున్న గొంగళి పురుగులు.

హిమాలయ పాదాల దగ్గరి సాల్ అడవుల్లో ఈ గొంగళి పురుగులు విరుచుకుపడిన తీరును జంతు శాస్త్రవేత్త మిథన్ లాల్ రూన్‌వాల్ గమనించి 1979లో వివరంగా ప్రచురించారు. అవి రాత్రిపూట మేస్తాయి. పగలు మాను మీద బెరడులో బెరడుగా కలిసిపోతాయి. పగలు అడవిలో తిరిగే గార్డు కంట పడవన్న మాట. కొమ్మలు బోడిగా కనిపించే సరికి ఆ తరం పురుగులు తినాల్సింది తినేసి ఉంటాయి.

ఒకసారి ఆకు పోయినంత మాత్రాన సాల్ చెట్టు చచ్చిపోదు, మళ్ళీ చిగురిస్తుంది. కానీ ఆ చిగురు కోసం దాచుకున్న పిండిపదార్థాన్ని ఖర్చు పెడుతుంది. ఆ ఏడు కాండం సరిగ్గా లావెక్కదు. ఆకు తినే పురుగుల నష్టాన్ని మనం తక్కువగా అంచనా వేస్తాం. చెట్టు నిలబడే ఉంటుంది కాబట్టి ఏమీ కాలేదనిపిస్తుంది. ఈ విషయంలో లెక్క కట్టి చూపింది కేరళ అటవీ పరిశోధన సంస్థ. నిలంబూరు టేకు తోటల్లో హైబ్లియా ప్యూయెరా అనే మరో రెక్కల పురుగు ఆకు తినేయడం వల్ల, 4 నుంచి 8 ఏళ్ళ వయసు చెట్లు పెరగాల్సిన కలప పరిమాణంలో 44 శాతం కోల్పోతున్నాయని కె.ఎస్.ఎస్. నాయర్ బృందం 1985లో తేల్చింది. చెట్లు ఒక్కటీ చావలేదు. కలప మాత్రం దాదాపు సగం పోయింది.

వాసన ఎలా ప్రయాణిస్తుంది?

గదిలో ఒక మూల అగరుబత్తి వెలిగిస్తే వాసన గదంతా వ్యాపిస్తుందని చదువుకున్నాం. దానికి వ్యాపనం అని పేరు. అణువులు గాలి అణువులను గుద్దుకుంటూ, అటూ ఇటూ తూలుతూ విస్తరిస్తాయి. భౌతిక శాస్త్రం చదివినవాళ్ళకు ఇక్కడ ఒక చిన్న లెక్క చేయాలనిపిస్తుంది. ఆడ పురుగు వదిలే అణువు పెద్దది, బరువైనది. గాలి అస్సలు కదలకుండా, కేవలం వ్యాపనం వల్లనే అది ఒక మీటరు దూరం చేరాలంటే సుమారు ఒక రోజు పడుతుంది. దూరం రెట్టింపైతే కాలం నాలుగింతలవుతుంది. ఆ లెక్కన 100 మీటర్లు చేరడానికి దాదాపు 30 ఏళ్ళు కావాలి! పురుగు బతికేదేమో కొద్ది రోజులు.

కాబట్టి పిలుపును మోసుకెళ్ళేది వ్యాపనం కాదు, గాలి. గాలి ఎప్పుడూ సాఫీగా వీచదు. చెట్ల మధ్య సుడులు తిరుగుతుంది. పొయ్యి నుంచి లేచే పొగను గమనించండి: కాస్త దూరం దారంలా వెళ్ళి తర్వాత పోగులు పోగులుగా చీలిపోతుంది. పోగుకూ పోగుకూ మధ్య శుభ్రమైన గాలి ఉంటుంది. ఆడ పురుగు వాసన కూడా అంతే. మగ పురుగుకు వాసన నిలకడగా అందదు. ఒక క్షణం తగులుతుంది, మరుక్షణం పోతుంది, మళ్ళీ తగులుతుంది.

మరి 'వాసన ఎక్కువయ్యే వైపు వెళ్ళు' అనే సూత్రం ఇక్కడ పనికిరాదు. మగ పురుగు వాడే సూత్రం వేరు: వాసన తగిలితే గాలికి ఎదురెగురు, తప్పిపోతే ముందుకు పోకు, గాలికి అడ్డంగా అటూ ఇటూ వెతుకు. తగిలినప్పుడల్లా ముందుకు, పోయినప్పుడల్లా పక్కకు. ఈ వంకర టింకర దారే దాన్ని ఆడదాని దగ్గరికి చేరుస్తుంది. గాలి సొరంగాల్లో చేసిన ప్రయోగాల్లో ఒక విచిత్రం బయటపడింది. వాసనను తెరలు తెరలుగా కాకుండా అంతటా ఒకే మోతాదులో నింపితే, కొన్ని జాతుల మగ పురుగులు ఎదురెగరడం మానేస్తాయి. పిలుపు అన్ని వైపుల నుంచీ ఎడతెగకుండా వినిపిస్తే అది పిలుపు కాకుండా పోతుంది. ఈ సంగతి తర్వాత మనకు పనికొస్తుంది.

మగ పురుగు మీసాలు ఈకల్లా ఉండేది ఇందుకే. వాటి మీద వేల సంఖ్యలో సన్నని రోమాలుంటాయి. ఒక్కో రోమం లోపల నాడీ కణాలు ఉంటాయి. మల్బరీ పట్టు పురుగులో ఈ కణాన్ని మీటడానికి ఒక్క అణువు చాలని జర్మనీ శాస్త్రవేత్తలు కాయిస్లింగ్, ప్రీస్నర్ 1970లో చూపారు.

అయిదు లక్షల పట్టు పురుగులు

ఈ వాసనల వెనుక ఉన్న పదార్థాన్ని మొదట పట్టుకున్నది ఆ మల్బరీ పట్టు పురుగులోనే. జర్మన్ రసాయన శాస్త్రవేత్త అడాల్ఫ్ బ్యూటెనాంట్, ఆయన సహచరులు సుమారు 20 ఏళ్ళు శ్రమించి, 5 లక్షల ఆడ పురుగుల గ్రంథుల నుంచి కొద్ది మిల్లీగ్రాముల పదార్థం తీశారు. 1959లో ప్రకటించిన ఆ పదార్థం పేరు బాంబికాల్. అదే ఏడు కార్ల్‌సన్, లూషర్ అనే ఇద్దరు ఇలాంటి పదార్థాలన్నిటికీ 'ఫెరోమోన్' అని పేరు పెట్టారు. ఒక జీవి బయటికి వదిలి, అదే జాతికి చెందిన మరో జీవి ప్రవర్తనను మార్చే రసాయనం అని అర్థం.

మన మథురకు దగ్గరి చుట్టం కథ ఇంకా రసవత్తరంగా ఉంటుంది. దాని పేరు లైమాంట్రియా డిస్పార్. ఐరోపా, ఆసియాలకు చెందిన ఈ పురుగును 1860ల చివర్లో అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రం, మెడ్‌ఫర్డ్ ఊరికి తెచ్చినవాడు ఎత్యెన్ లియోపోల్డ్ త్రూవెలో అనే ఫ్రెంచి చిత్రకారుడు. ఆయనకు పట్టు పిచ్చి. అంతకుముందు పాలీఫీమస్ అనే అమెరికా పట్టు పురుగును పెద్ద ఎత్తున పెంచాడు. అది మన దసలి పట్టు పురుగుకు బంధువు, రెండిటి ప్రజాతీ ఆంథీరియానే. డిస్పార్ పురుగులు ఆయన పెరట్లోంచి తప్పించుకున్నాయి. 1889 నాటికి మెడ్‌ఫర్డ్ వీధుల్లో చెట్లన్నీ గొంగళి పురుగుల పాలయ్యాయి. త్రూవెలో ఈలోగా పురుగులు వదిలేసి ఖగోళం వైపు మళ్ళి, హార్వర్డ్ వేధశాలలో గ్రహాల బొమ్మలు గీశాడు. ఖగోళ చిత్రాల చరిత్రలో ఆయనకు గౌరవమైన చోటుంది. అమెరికా అడవుల చరిత్రలో ఆయన పేరును ఎలా తలుచుకుంటారో చెప్పనక్కరలేదు.

డిస్పార్ ఆడ పురుగు పిలుపును పట్టుకోవడం అమెరికాకు అవసరమైంది. 1890లలో బతికున్న ఆడ పురుగులనే బోనులో పెట్టి మగవాటిని రప్పించారు. తర్వాత ఆడ పురుగుల పొట్ట చివరలు కోసి, ద్రావకంలో నానబెట్టి, ఆ రసాన్ని ఎరగా వాడారు. 1960లో అసలు పదార్థం దొరికిందని ప్రకటించి దానికి జిప్టాల్ అని పేరు పెట్టారు. కానీ శుద్ధంగా తయారు చేసిన జిప్టాల్‌కు మగ పురుగులు రాలేదు. అసలైనది దొరకడానికి మరో పదేళ్ళు పట్టింది. 1970లో బియర్ల్, బెరోజా, కోలియర్ 78,000 ఆడ పురుగుల పొట్ట చివరల నుంచి దాన్ని వేరు చేశారు. పేరు డిస్పార్‌ల్యూర్. 19 కార్బన్లున్న పొడవాటి గొలుసు, మధ్యలో పక్కపక్కనున్న రెండు కార్బన్లకు వంతెనలా ఒక ఆక్సిజన్. ఈ మూడూ కలిసి చిన్న త్రికోణం.

ఆ త్రికోణంలోనే మెలిక ఉంది. ఎడమ కాలి చెప్పు, కుడి కాలి చెప్పు చూడండి. అదే తోలు, అదే కుట్టు, అదే కొలత. అయినా ఒకదాని బదులు ఇంకొకటి తొడగలేం. డిస్పార్‌ల్యూర్ అణువు కూడా అలా రెండు రూపాల్లో ఉంటుంది. ఒకటి అద్దంలో మరొకదాని ప్రతిబింబం. వీటిని ప్లస్, మైనస్ రూపాలంటారు. జపాన్ రసాయన శాస్త్రవేత్తలు 1970లలో రెండిటినీ విడివిడిగా తయారు చేసి చూస్తే సంగతి తేలింది. ప్లస్ రూపానికి మగ పురుగులు ఎగబడి వస్తాయి. మైనస్ రూపం పిలవకపోగా, ప్లస్‌తో కలిస్తే దాని పిలుపునూ చెడగొడుతుంది.

మామూలుగా రసాయన చర్యలో రెండు రూపాలూ సగం సగం పుడతాయి. ఒక్క రూపాన్నే తయారు చేయడం కష్టమైన పని. దీనికి మంచి దారి చూపిన షార్ప్‌లెస్ పద్ధతిని 1981లో డిస్పార్‌ల్యూర్ తయారీకీ వాడి చూపారు. షార్ప్‌లెస్‌కు 2001లో నోబెల్ బహుమతి తెచ్చిపెట్టింది ఈ తరహా పరిశోధనే.

మథుర చెప్పే పాళ్ళు

ఇక మన గుగ్గిలం చెట్ల పురుగు సంగతి. కెనడాలోని సైమన్ ఫ్రేజర్ విశ్వవిద్యాలయానికి చెందిన గెర్హార్డ్ గ్రీస్, రెజీన్ గ్రీస్ బృందం 1999లో మథుర ఫెరోమోన్‌ను ప్రచురించింది. పేరు మథురల్యూర్. విచిత్రంగా దీనిలోనూ 19 కార్బన్లే. దీనిలోనూ ఆక్సిజన్ త్రికోణమే. తేడాలు మూడు. త్రికోణం 7, 8 కార్బన్ల మధ్య కాకుండా 9, 10 కార్బన్ల మధ్య ఉంది. గొలుసుకు కొమ్మ లేదు. పైగా రెండు చోట్ల ద్విబంధాలున్నాయి.

అసలు విశేషం అది కాదు. ఉత్తర జపాన్ అడవుల్లో ఎరలు కట్టి పరీక్షించారు. ప్లస్ రూపాన్ని ఒంటరిగా పెడితే మగ పురుగులు రాలేదు. మైనస్ రూపాన్ని ఒంటరిగా పెట్టినా రాలేదు. ఒక పాలు ప్లస్‌కు నాలుగు పాళ్ళు మైనస్ కలిపి పెడితే వచ్చాయి. డిస్పార్‌కు అవతలి రూపం విషంలాంటిదైతే మథురకు రెండూ కావాలి, అదీ సరైన పాళ్ళలో. ఒకే ప్రజాతికి చెందిన రెండు పురుగులు దాదాపు ఒకే అక్షరాలతో రెండు వేర్వేరు మాటలు రాసుకున్నాయన్న మాట. ఒకే అడవిలో రెండూ ఎగిరే చోట మగ పురుగు పొరపాటున పక్క జాతి ఆడదాని దగ్గరికి పోకుండా ఇదో కట్టుబాటు.

ఎర తయారు చేసేవారికి ఈ పాళ్ళు ఒక చిన్న వెసులుబాటు. సగం సగం మిశ్రమం రెండు పాళ్ళు తీసుకుని, శుద్ధమైన మైనస్ రూపం మూడు పాళ్ళు కలిపితే 1:4 వచ్చేస్తుంది. ప్లస్ రూపాన్ని విడిగా తయారు చేయనక్కర లేదు.

ఈ రసాయనం ఎక్కడి నుంచి వస్తుందన్నది కూడా ముచ్చటైన విషయమే. మథురల్యూర్ తరహా ఫెరోమోన్లకు ముడిసరుకు లినోలెనిక్ ఆమ్లం. అది ఆకుల్లో పుష్కలంగా ఉండే కొవ్వు ఆమ్లం. పురుగులు సాధారణంగా దాన్ని సొంతంగా తయారు చేసుకోలేవు, తిండి నుంచే తెచ్చుకోవాలి. గొంగళి పురుగుగా ఉన్నప్పుడు మేసిన ఆకులోని కొవ్వే, రెక్కలొచ్చాక పెళ్ళి పిలుపుగా గాలిలోకి వెళుతుంది.

మరి బుట్టలు కడితే సరిపోదా?

పత్తి రైతులకు లింగాకర్షక బుట్టలు కొత్త కాదు. గులాబీ రంగు పురుగు ఉద్ధృతి తెలుసుకోవడానికి పొలంలో కడతారు. ఆ ఎరలోనూ పాళ్ళ లెక్కే. గాసిప్‌ల్యూర్ అనే ఆ పదార్థంలో ఒకే అణువు తాలూకు రెండు ఆకృతులు సగం సగం ఉంటాయి. వ్యవసాయ అధికారులు చెప్పే మాట గుర్తు చేసుకోండి: బుట్టలో రోజుకు ఇన్ని పురుగులు పడితే మందు కొట్టండి అంటారు. అంటే బుట్ట ప్రధానంగా పురుగును చంపే పరికరం కాదు, లెక్కపెట్టే పరికరం. జ్వరం వస్తే థర్మామీటరు పెడతాం, అది జ్వరం తగ్గించదు.

ఎందుకు చంపలేదు? ఒక ఉదాహరణ లెక్క వేద్దాం. ఒక అడవి ముక్కలో 100 ఆడ, 100 మగ పురుగులున్నాయనుకుందాం. ఒక్కో మగది తన జీవితంలో 5 ఆడ పురుగులతో జత కట్టగలదనుకుందాం. బుట్టలు కట్టి 80 మగ పురుగులను పట్టేశాం. గొప్ప విజయమే! కానీ మిగిలిన 20 మగ పురుగులు ఐదేసి చొప్పున 100 ఆడ పురుగులకూ సరిపోతాయి. వచ్చే తరంలో గొంగళి పురుగులు ఒక్కటీ తగ్గవు. బుట్టలో పడేవి మగవి, గుడ్లు పెట్టేవి ఆడవి. చిక్కంతా అక్కడే.

ఇంకో చిక్కు సంఖ్యలోనే ఉంది. ఆడ పురుగులు పది ఉన్నచోట నాలుగు బుట్టలు కడితే, మగ పురుగుకు వినిపించే పద్నాలుగు పిలుపుల్లో నాలుగు మనవి. ఆడ పురుగులు పదివేలు ఉన్నచోట అవే నాలుగు బుట్టలు సంతలో గుసగుస లాంటివి. అంటే పురుగు విజృంభించినప్పుడు ఎర పనిచేయదు. పురుగు అరుదుగా ఉన్నప్పుడే బాగా పనిచేస్తుంది. అప్పుడేమో అడవి పచ్చగా ఉంటుంది, ఎవరికీ అక్కర ఉండదు, పైసా మంజూరు కాదు. ఈ ఎరల విషయంలో రసాయన శాస్త్రం కన్నా బడ్జెట్ పుస్తకమే పెద్ద అడ్డంకి అని నాకనిపిస్తుంది.

అమెరికా డిస్పార్ మీద ఈ పాఠాన్ని సరిగ్గానే నేర్చుకుంది. పురుగు విస్తరిస్తున్న హద్దు వెంబడి ఏటా పదుల వేల బుట్టలు కడతారు. ఏ బుట్టలోనైనా పురుగులు పడితే అక్కడో చిన్న గుంపు మొలకెత్తిందని అర్థం. ఆ ముక్క మీద మాత్రమే విమానంతో డిస్పార్‌ల్యూర్ చల్లుతారు. అడవంతా వాసన నిండిపోతే మగ పురుగు దారి తప్పుతుంది, అసలు ఆడది దొరకదు. ఇంతకుముందు చెప్పుకున్న 'అన్ని వైపుల నుంచీ పిలుపు' ఇదే. ఇక్కడ వాడేది చవకైన సగం సగం మిశ్రమం. రప్పించడం కాదు, గందరగోళపరచడమే పని కదా. ఈ కార్యక్రమంతో పురుగు వ్యాపించే వేగం సగానికి పైగా తగ్గింది.

దీన్ని యథాతథంగా సాల్ అడవికి తెస్తే ఒక చోట తేడా కొడుతుంది. అమెరికాలో ఉన్న ఐరోపా రకం డిస్పార్ ఆడ పురుగు ఎగరలేదు. మథుర ఆడ పురుగు ఎగురుతుంది. ఒక ముక్కలో వాసన చల్లి జతలు కట్టకుండా ఆపినా, పక్క అడవిలో జత కట్టిన ఆడది ఎగిరొచ్చి ఇక్కడ గుడ్లు పెట్టగలదు. చిన్న ముక్కల్లో ఈ పద్ధతి మీద ఎక్కువ ఆశ పెట్టుకోలేం. లెక్కపెట్టే పనికి మాత్రం ఈ అడ్డు లేదు.

చెట్టు రసమే ఎర

బిలాస్‌పూర్ ప్రాంతపు అడవి పనివారికి వాసనతో పురుగును పట్టడం తెలియని విద్య కాదు. కాకపోతే అది మరో పురుగు, మరో వాసన. సాల్ చేవను తొలిచే పొడుగు మీసాల పెంకు పురుగు, హాప్లోసెరాంబిక్స్, తొలకరి వానలతో బయటికొస్తుంది. ఆడది బెరడు పగుళ్ళలో గుడ్లు పెడుతుంది. పిల్ల పురుగులు లోపలికి తొలుచుకుంటూ పోతాయి, చెట్టు మొదట్లో పొట్టు కుప్ప పడుతుంది. బలమైన చెట్టు గుగ్గిలం బంక కార్చి పిల్ల పురుగులను ముంచేస్తుంది. నీరసించిన చెట్టు లొంగిపోతుంది. పురుగులు మితిమీరితే బలమైన చెట్లూ నిలవవు. 1923–28 మధ్య మండ్లా అడవుల్లో సుమారు 70 లక్షల చెట్లు దీని వాత పడ్డాయి. 1990లలో మళ్ళీ విరుచుకుపడినప్పుడు 30 లక్షలకు పైగా చెట్లు దెబ్బతిన్నాయి. అప్పటికి ఛత్తీస్‌గఢ్ రాష్ట్రం లేదు, బిలాస్‌పూర్ మధ్యప్రదేశ్‌లో భాగం. తెగులు సోకిన చెట్లలో ఏ దశలో ఉన్నవి కొట్టవచ్చన్న వివాదం 1998లో సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది.

ఆ పెంకు పురుగుకు తాజాగా కోసిన సాల్ బెరడు రసం అంటే ప్రాణం. అడవి శాఖ దీన్నే ఉచ్చుగా మార్చింది. వానలు మొదలవగానే కొన్ని చెట్లను ఎంచి కొడతారు. మానును దుంగలుగా నరికి, బెరడును గొడ్డలి మడమతో చితగ్గొడతారు. ఊరిన రసం వాసనకు పురుగులు వచ్చి, తాగి, మత్తెక్కినట్టు అక్కడే పడి ఉంటాయి. కూలీలు ఏరుకుని తలలు తుంచి లెక్క అప్పజెబుతారు, లెక్కను బట్టి డబ్బు. చూడటానికి మోటు పద్ధతి. కానీ మన లెక్కల ప్రకారం చూస్తే ఇందులో ఒక గొప్ప బలం ఉంది. ఇది తిండి వాసన, పెళ్ళి పిలుపు కాదు. మగవాటితో పాటు ఆడవీ వస్తాయి, కడుపులో గుడ్లతో సహా. ఒక ఆడ పురుగును ఏరేస్తే అది పెట్టబోయే గుడ్లన్నీ పోయినట్టే.

బలహీనతా ఉంది: ఎర కోసం చెట్టును బలి ఇవ్వాలి. అదీగాక ఈ వాసనకు మనం పెట్టిన ఉచ్చు, కంట్రాక్టరు వదిలేసిన దుంగ అన్న తేడా తెలియదు. వానల్లో అడవిలో నరికి పడేసిన పచ్చి కలప ఏదైనా ఆ పురుగుకు విందు పిలుపే. సాల్ కలపను తొలకరికి ముందే అడవి దాటించాలనే నియమం వెనుక ఉన్న రసాయనం ఇది.

పక్క కొమ్మ మీది పురుగు

సాల్ ఆకు తినే గొంగళి పురుగులన్నీ శత్రువులు కావు. దసలి పట్టు పురుగు, అంటే ఆంథీరియా మైలిట్టా, తెల్లమద్ది, నల్లమద్ది చెట్లతో పాటు సాల్ మీదా పెరుగుతుంది. దాని పట్టును ఛత్తీస్‌గఢ్‌లో కోసా అంటారు. దసలి గుడ్ల ఉత్పత్తి చూసే కేంద్ర పట్టు మండలి సంస్థ ప్రధాన కార్యాలయం బిలాస్‌పూర్‌లోనే ఉంది. మన మహదేవ్‌పూర్, చెన్నూరు వైపు ఈ పట్టు మీద బతికే కుటుంబాలకు ఈ పురుగు సంగతి చెప్పనక్కరలేదు. మల్బరీ పురుగులా ఇంట్లో తట్టల్లో పెంచేది కాదిది. చెట్ల మీదే, ఆరుబయటే.

ఇప్పుడు మథుర విజృంభించిందని సాల్ అడవి మీద పురుగు మందు చల్లారనుకోండి. మందుకు ఈ గొంగళి వేరు, ఆ గొంగళి వేరు అని తెలియదు. అమెరికాలో డిస్పార్ మీద చల్లే బీటీ అనే బాక్టీరియా మందు మనుషులకు, పక్షులకు హాని చేయదు గానీ గొంగళి పురుగులన్నిటికీ ముప్పే. దసలి గుడ్లు కొని చెట్టెక్కించిన గిరిజన కుటుంబానికి ఆ ఏటి పంట పోయినట్టే.

ఫెరోమోన్ విలువ ఇక్కడ కనబడుతుంది. మథురల్యూర్ 19 కార్బన్ల త్రికోణపు గొలుసు. దసలికి బంధువైన పాలీఫీమస్ పిలుపులో ఉన్నవి 16 కార్బన్ల అసిటేటు, ఆల్డిహైడ్, త్రికోణమే లేదు. ఒకదాని మాట ఇంకొకదాని చెవికి ఎక్కదు. మథుర బుట్ట పక్కనే దసలి మగ పురుగు నిశ్చింతగా ఎగిరిపోతుంది. పట్టు కేంద్రాల్లో రాత్రి దసలి ఆడ, మగ పురుగులు జత కట్టేదీ ఇలాంటి వాసన పిలుపుతోనే. ఒక చోట మనం ఆ పిలుపును ఆటంకపరచాలనుకుంటాం, ఇంకో చోట అది సాఫీగా సాగాలని కోరుకుంటాం.

పనిలోకి దిగితే కావలసిన సరంజామా పెద్దదేమీ కాదు. ఒక రబ్బరు బిరడాలో ఎర, దాని చుట్టూ లోపలికి పోనిచ్చి బయటికి రానివ్వని డబ్బా, రాసుకోవడానికి ఒక నోటు పుస్తకం. మన దేశంలో మథుర ఏడాదికి రెండు తరాలు గడుపుతుంది కాబట్టి, రెక్కల పురుగులు ఎగిరే రెండు కాలాల్లోనూ బుట్టలు ఉండాలి. ఎర నెమ్మదిగా ఆవిరైపోతుంది కాబట్టి కొన్ని వారాలకొకసారి మార్చాలి. ఈ ఏటి అంకెకు ఒంటరిగా అర్థం లేదు. అదే చెట్టుకు, అదే ఎత్తులో కట్టిన బుట్టలో నిరుడు ఎన్ని, అంతకు ముందేడు ఎన్ని అన్నది చూస్తేనే పెరుగుదల కనిపిస్తుంది. అంకె ఎక్కడ పెరిగిందో ఆ ముక్కలో మానుల మీద నూగు కప్పిన గుడ్ల గుంపులు వెతికి, గీకి తీసేయడం తర్వాతి పని. దానికి విమానం అక్కర్లేదు, మందు అక్కర్లేదు. గొంగళి పురుగుల్లా రాత్రి దాకా దాక్కోవు కాబట్టి, గుడ్లను పగటి వెలుగులోనే చూడవచ్చు.